ఉక్కు సాధించాక: పంపకాల వేళ పౌరుడెక్కడ?

(తెన్నేటి విశ్వనాథం గారి స్మృతిలో విశాఖపట్నంలో చేసిన ఉపన్యాసం)



ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు తెన్నేటి విశ్వనాథం గారి జీవితాన్ని మొదటి నుంచీ మరోసారి చదువుకున్నాను. 1895లో పుట్టిన మనిషి. న్యాయవాది. స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లు చూశారు. టంగుటూరి ప్రకాశం గారికి నీడలా నిలిచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం గారి మంత్రివర్గంలో ఆర్థిక శాఖ చూశారు. ప్రకాశం గారి ఆత్మకథ 'నా జీవిత యాత్ర' మధ్యలో నిలిచిపోతే, మిగిలిన భాగం రాసి పూర్తి చేశారు. ఇన్ని పనులు చేసినా ఈ ఊరు ఆయనను ముందుగా తలుచుకునేది 1966 కారణంగానే. డెబ్భై దాటిన వయసులో ఉక్కు ఉద్యమం ముందు వరసలో నిలబడ్డారాయన. మరుసటి ఏడాది ఈ నగరం ఆయనను స్వతంత్ర అభ్యర్థిగానే లోక్‌సభకు పంపింది. ఇవాళ ఎన్నికలు ఎలా జరుగుతున్నాయో తెలిసిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది.

ఇంతటి మనిషిని పొగిడి ఊరుకుంటే ఆయనకు మర్యాద చేసినట్టు కాదు. ఆయన నడిపిన ఉద్యమం ఎంత దూరం వెళ్లిందో, ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. నేను చెప్పదలచుకున్నది ఒకటే. సాధించుకునే వేళ, కాపాడుకునే వేళ సామాన్యులు రోడ్డు మీదికి వస్తారు, గెలుస్తారు కూడా. సాధించినదాన్ని పంచుకునే వేళ మాత్రం వాళ్లు అక్కడ ఉండరు. ఈ నగరంలో కలిగినవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య దూరం ఎక్కువగా పెరిగింది ఆ పంపకాల్లోనే. అన్నదమ్ముల ఆస్తి పంపకాలు మీరంతా చూసే ఉంటారు. పొలంలో చెమటోడ్చినవాడు కూడా పెద్దమనుషుల మధ్య కూర్చోకపోతే, అతని వాటాకు రాళ్ల గుట్టే మిగులుతుంది. మన నగరం కథ చాలావరకు అదే.

1

ముందు గెలుపు సంగతి.

1960ల నడుమ అయిదో ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలన్న చర్చ ఢిల్లీలో నడిచింది. ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం విశాఖ అన్ని విధాలా తగిన చోటని చెప్పింది. రేవు ఉంది, రైలు ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం వేస్తున్న రోజులవి. ఆ ఖనిజం మన రేవు నుంచి జపాన్‌కు ఎగుమతి కావడానికి సిద్ధమవుతోంది. మన్ను ఇక్కడి నుంచి పోతుంది, ఉక్కు మరెక్కడో తయారవుతుంది, పని మరెవరికో దొరుకుతుంది. ఈ లెక్క అర్థం కావడానికి అప్పటి జనానికి అర్థశాస్త్రం డిగ్రీ అవసరం లేకపోయింది.

రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఢిల్లీ కదల్లేదు. 1966 అక్టోబరులో టి. అమృతరావు గారు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మనిషి విశాఖ కోసం ప్రాణం పణంగా పెట్టడం రాష్ట్రమంతా చూసింది. విద్యార్థులు కాలేజీలు వదిలారు. దుకాణాలు మూతపడ్డాయి. నవంబరు 1న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా కలిపి ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని మనం చెప్పుకుంటాం. వాళ్లలో విద్యార్థులున్నారు, చిన్నపిల్లవాడు కూడా ఉన్నాడు. ఆ తర్వాత అరవై మందికి పైగా ఎమ్మెల్యేలు రాజీనామాలిచ్చారు, ఎంపీలూ ఇచ్చారు. రాజీనామా అంటే ఆ రోజుల్లో నిజంగానే సీటు వదిలి బయటికి రావడం.

1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత పదేళ్ల పాటు నిధుల్లేక పునాదిరాయి పునాదిరాయిగానే ఉండిపోయింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఇరవై ఆరేళ్లు! విద్యార్థిగా ఊరేగింపులో నడిచినవాడు తన పిల్లల పెళ్లిళ్ల వయసులో గాని పూర్తయిన కర్మాగారాన్ని చూడలేదు.

2014లో అమెరికాలో మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ అనే ఇద్దరు పండితులు ఒక అధ్యయనం ప్రచురించారు. దాదాపు 1,800 విధాన నిర్ణయాలను పరిశీలించి, సంపన్నుల కోరికకూ ప్రభుత్వ నిర్ణయానికీ గట్టి పొత్తు ఉందని, మధ్యతరగతి పౌరుడి కోరికకు విడిగా దాదాపు ఏ ప్రభావమూ లేదని తేల్చారు. దాన్ని చదివి నిరాశపడే యువకులు నాకు తరచూ తారసపడతారు. వాళ్లకు నేను గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసులను చూపిస్తాను. ఏ పెట్టుబడిదారూ అడగని కర్మాగారం అది. ఢిల్లీ తనంతట తాను ఇవ్వదలచనిది. సామాన్యులు ఒక దేశ ప్రభుత్వం నిర్ణయాన్ని మార్చగలరనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

2

అయితే ఆ కర్మాగారం గాలిలో లేవలేదు. 64 ఊళ్ల నేల మీద లేచింది.

సుమారు 16,500 కుటుంబాలు కదిలాయి. పల్లపు పొలాలు, తాటి తోపులు, జీడితోటలు, ఊరి గుళ్లు, శ్మశానాలు వదిలి అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలకు వచ్చి పడ్డాయి. కుటుంబానికి ఒక ఉద్యోగమన్న హామీతో చేతిలో ఒక కార్డు పెట్టారు. ఆర్ కార్డు. గాజువాకలో ఆ కార్డు గురించి తెలియని ఇల్లు ఉండదు. ప్రభుత్వం మాట ఇచ్చిందనడానికి అదే ఆధారమని బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్న ఇళ్లు ఉన్నాయి. ఉద్యోగాలు వచ్చింది దాదాపు సగం కుటుంబాలకే. మిగిలినవాళ్ల కార్డులు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వచ్చాయి. వయోపరిమితి దాటింది, తరం దాటింది, ఎన్నికలు మాత్రం దాటలేదు. ప్రతి ఎన్నికలోనూ ఆర్ కార్డు సమస్య పరిష్కరిస్తామన్న వాగ్దానం ఉంటుంది.

1966 ఉద్యమాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ దాని గొంతులో ప్రధానంగా వినిపించింది 'విశాఖలో పెట్టాలి' అన్న మాట. నేల ఎవరిది, దాని బదులు వాళ్లకు ఏమివ్వాలి, ఇవ్వకపోతే వాళ్లు ఎవరిని నిలదీయాలి అన్నవి తర్వాత అధికారుల ఫైళ్లలో తేలాయి. ఆ ఫైళ్లు నడిచిన గదుల్లో నిర్వాసితుడికి కుర్చీ లేదు. ఆంధ్రులందరి కోరిక తీర్చడానికి అరవై నాలుగు ఊళ్లు తమవన్నీ ఇచ్చాయి. ఆ ఊళ్ల బాకీ తీర్చే పని ఆంధ్రులందరిదీ కావలసింది. ఏ శాసనసభ ఆ విషయంలో ఏకగ్రీవ తీర్మానం చేసిందో, ఎవరు ఆ బాకీ కోసం రాజీనామా చేశారో నేను వెతికాను. నాకు కనబడలేదు.

అందుకే ఇప్పుడు కర్మాగారం 'మిగులు భూముల' అమ్మకం మాట వచ్చినప్పుడల్లా నిర్వాసిత కాలనీల్లో కోపం రేగుతుంది. ప్రజా ప్రయోజనమని చెప్పి తీసుకున్న నేల, ఆ ప్రయోజనానికి అక్కర్లేదని తేలితే ఎవరికి చెందాలి? రియల్ ఎస్టేట్ లెక్కలో ఈ ప్రశ్నకు చోటు లేదు. న్యాయం లెక్కలో ఉంది. అడిగేవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఈ సభలోనూ ఉన్నారు.

3

ఇక గేటు లోపలికి వెళదాం. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే అసమానత అంటే అంబానీ ఇల్లు, ధారావి గుడిసె పక్కపక్కన ఉన్న ఫొటో అని మనకు అలవాటైపోయింది. ఒకే కొలిమి ముందు, ఒకే షిఫ్టులో, ఒకే వేడిలో నిలబడ్డ ఇద్దరి మధ్య ఉండే అసమానతకు ఎవరూ ఫొటో తీయరు.

ఉక్కు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగి ఉన్నాడు, కాంట్రాక్టు కార్మికుడు ఉన్నాడు. ఒకరికి ఉక్కునగరంలో క్వార్టరు, జనరల్ ఆసుపత్రి, పిల్లలకు బడి. మరొకరికి కూర్మన్నపాలెంలోనో వడ్లపూడిలోనో అద్దె గది. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పాసు ఉంటుందో ఊడుతుందో అన్న గుబులు. ఏళ్ల తరబడి అదే యంత్రం దగ్గర పనిచేసి, కొత్తగా చేరిన పర్మినెంటు కుర్రాళ్లకు పని నేర్పినవాళ్లు కూడా కాగితం మీద 'తాత్కాలికం'గానే ఉన్నారు. ఇది ఈ ఒక్క కర్మాగారం తప్పు అనను. రేవులో, రిఫైనరీలో, పరవాడ ఫార్మా కంపెనీల్లో, నగరపాలక సంస్థ పారిశుద్ధ్యంలో, ఆసుపత్రుల్లో ఇదే వరస. అయితే జనం రక్తం పోసి సాధించుకున్న కర్మాగారంలో కూడా ఇదే వరస ఉండటం నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

2021 జనవరి 27న కేంద్ర ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో నూటికి నూరు శాతం వాటాల అమ్మకానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆ తర్వాత జరిగింది మీరంతా చూశారు. కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. రోజూ కొందరు కూర్చున్నారు, ఏళ్ల తరబడి కూర్చున్నారు. వేర్వేరు జెండాల యూనియన్లు ఒకే పందిరి కిందికి వచ్చాయి. శాసనసభ మళ్లీ తీర్మానం చేసింది. సొంత గనులు లేకపోవడం, అప్పులతో విస్తరణ చేయడం, వాటి వడ్డీ భారం కుంగదీయడం ఇవన్నీ నష్టాలకు కారణాలని కార్మికులే లెక్కలతో సహా జనానికి వివరించారు. సెయిల్‌కూ టాటాలకూ సొంత గనులున్నాయి. మనం మాత్రం ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొంటున్నాం. ఈ సంగతి ఆటో నడిపేవాడి నోట కూడా వినడం ఆ శిబిరం సాధించిన గొప్ప విజయమని నా అభిప్రాయం. ఒక నగరం మొత్తం ఒక కంపెనీ బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకుంది.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుజ్జీవన ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు వాటా పెట్టుబడిగా వచ్చేది. అమ్మకం ఆగినట్టేనని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నేనూ సంతోషించాను. కానీ ఆ తర్వాతి నెలల్లో ఖర్చు తగ్గించుకోవడమనే పనిలో మొదట పోయినవి కాంట్రాక్టు కార్మికుల పాసులే. వేల సంఖ్యలో. నాలుగేళ్లకు పైగా అదే పందిరి కింద అదే నినాదమిచ్చినవాళ్లు, ప్యాకేజీ వచ్చిన ఏడాదిలోనే గేటు బయట నిలబడ్డారు. గెలుపు అందరిదీ అయింది, కోత కొందరిదే అయింది. ప్యాకేజీలో ఒక్కో రూపాయి ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించిన సమావేశాల్లో ఆ కార్మికుడి తరఫున మాట్లాడినవాడు ఎవరు?

ఇలా ఉండక తప్పదని మీలో కొందరికి అనిపించవచ్చు. రోజు కూలీకి నిర్ణయాల్లో చోటేమిటని. అలాంటివారికి నేను మన రేవునే చూపిస్తాను. 1933లో మొదలైన ఈ రేవులో కళాసీల బతుకు ఒకప్పుడు పూర్తిగా ఓడ రాకను బట్టి ఉండేది. ఓడ వస్తే పని, మేస్త్రి పిలిస్తే కూలి. లేకపోతే పస్తు. దేశంలోని రేవులన్నిటిలో ఇదే పరిస్థితి. 1948లో డాక్ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన డాక్ లేబర్ బోర్డుల్లో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చున్నారు. కార్మికుల ప్రతినిధుల సంఖ్య, యజమానుల ప్రతినిధుల సంఖ్య సమానంగా ఉండాలని చట్టమే చెప్పింది. కూలీల పేర్లు రిజిస్టరుకెక్కాయి. పిలుపు వంతుల వారీగా వచ్చింది, మేస్త్రి దయ మీద కాదు. పనికి సిద్ధంగా హాజరైతే ఓడ లేని రోజున కూడా కొంత వేతనం దక్కింది. చదువుకోని కళాసీ కొడుకులు ఇంజనీర్లు కావడం ఈ నగరంలో నేను కళ్లారా చూశాను. వాళ్ల తండ్రులకు కూలి పెరగడం ఒక్కటే అందుకు కారణం కాదు. పనిని ఎలా పంచాలో తేల్చే చోట వాళ్ల మనిషి ఉండటం అసలు కారణం. ఆ చట్టం చేసిన దేశం మనదే. అప్పట్లో మన దేశం ఇప్పటికంటే ఎంతో పేద దేశం. ఆర్థిక స్థోమత లేక ఇవాళ చేయలేకపోతున్నామన్న మాట అందువల్ల నిలబడదు.

ఇంకో రెండు అంకెలు చెప్పి ముందుకు సాగుతాను. ప్రపంచ అసమానతల పరిశోధనా సంస్థ 2024లో వెలువరించిన లెక్కల ప్రకారం, 2022–23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం జనాభాలో పైనున్న ఒక్క శాతం చేతిలో ఉంది. బ్రిటిష్ కాలంలో కంటే కూడా ఆదాయం ఇప్పుడు ఎక్కువగా పైన పోగుపడిందని వాళ్లన్నారు. 1949 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ గారు చివరిసారి మాట్లాడుతూ, రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని, దాన్ని త్వరగా తొలగించకపోతే బాధలు పడేవాళ్లు ఈ ప్రజాస్వామ్యాన్నే కూల్చేస్తారని హెచ్చరించారు. నలభై శాతం అంకె చదివినప్పుడల్లా ఆ హెచ్చరిక నాకు గుర్తొస్తుంది.

4

పంపకాలు కర్మాగారంలోనే జరగవు. నేల, తీరం, కొండ కూడా పంచబడుతున్నాయి.

గంగవరం రేవు తీసుకోండి. అది లేచిన చోట మత్స్యకారుల ఊళ్లుండేవి: గంగవరం, దిబ్బపాలెం. తాతల నాటి వేట తీరం వదలబోమని వాళ్లు అడ్డు నిలిచారు. 2006లో కాల్పుల దాకా వెళ్లింది, ప్రాణం పోయింది. రేవు వచ్చింది. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి, అంటే మనందరికీ, 10.4 శాతం వాటా ఉండేది. 2021లో ఆ వాటాను సుమారు 645 కోట్లకు అదానీ సంస్థకు అమ్మారు. ధర సరైనదా కాదా అన్నదాని మీద వాదనలున్నాయి, అందులోకి నేను వెళ్లను. నేను అడిగేది వేరు. అమ్మే ముందు ఈ నగరంలో ఒక్క బహిరంగ విచారణ జరిగిందా? తీరం వదిలిన మత్స్యకార కుటుంబాలను పిలిచి, మీ పేరు మీద మేం పట్టుకున్న వాటాను అమ్ముతున్నాం, మీరేమంటారని ఎవరైనా అడిగారా?

2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయిస్తూ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఉద్యోగాలు వస్తాయన్నది ప్రభుత్వం వాదన. రావచ్చు. రావాలని నా కోరిక కూడా. మన పిల్లలు హైదరాబాదుకూ బెంగళూరుకూ వెళ్లే రైలు ఎక్కకుండా ఇక్కడే పని చేసుకోవడం కంటే సంతోషం ఏముంది? అయితే ఒక పెద్ద కంపెనీకి నేల దొరకడానికి ఒక మంత్రివర్గ సమావేశం సరిపోయింది. నేల ఇచ్చిన నిర్వాసితుడికి ఉద్యోగం దొరకడానికి నలభై ఏళ్లు సరిపోలేదు. ఈ రెండు కాలాల మధ్య తేడా ఎంతో, రాజకీయాల్లో వాళ్లిద్దరి పలుకుబడి మధ్య తేడా అంత.

ఆ పలుకుబడి ఎక్కడి నుంచి వస్తుందో దాచవలసిన పని లేదు. 2018లో తెచ్చిన ఎన్నికల బాండ్లు ఎవరు ఎవరికిచ్చారో తెలియకుండా కోట్లు పార్టీలకు చేర్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన హద్దు 95 లక్షలు. ఈ హాల్లో ఎవరైనా ఆ హద్దులో ఎన్నిక జరగడం చూశారా? పోలింగు ముందు రాత్రి చేతిలో పడే నోటు పేదవాడికి ఏదో కాస్త దక్కిందనిపిస్తుంది. ఆ నోటు పంచినవాడు ఎన్నికయ్యాక దాన్ని భూమి ఫైలులో రాబట్టుకుంటాడు. విశాఖలో భూముల రికార్డులు తారుమారు చేశారన్న ఆరోపణల మీద 2017లో ఒక ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్), 2019లో మరొకదాన్ని వేయవలసి వచ్చింది. ఆ నివేదికల్లోని ప్రతి పేజీ నగర పౌరుడు చదువుకోగలిగేలా ప్రతి వార్డు కార్యాలయంలో ఉంచాలని నేను కోరుతున్నాను.

ఇప్పుడు కొండవైపు చూడండి. అక్కడ సామాన్యులే, వాళ్లలోనూ అందరికంటే పేదవాళ్లే, ఇంకో రకమైన ఫలితం సాధించారు. అనంతగిరి మండలం నిమ్మలపాడులో గిరిజనుల భూములను ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వకూడదంది. గనుల లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి ఖర్చు పెట్టాలని సూచించింది. ఆ తీర్పు అండ దొరికింది కాబట్టే చింతపల్లి, జెర్రెల ప్రాంతాల్లో బాక్సైట్ తవ్వకాలను గిరిజనులు ఏళ్ల తరబడి అడ్డుకోగలిగారు. 2015లో 1,212 హెక్టార్ల అటవీ భూమిని గనులకు అప్పగించిన 97వ నంబరు జీవో మీద మన్యం మొత్తం తిరగబడింది. 2019లో ఆ జీవో రద్దయింది.

నిమ్మలపాడు గిరిజనుడికి ఉన్నదీ గంగవరం మత్స్యకారుడికి లేనిదీ ఏమిటి? ధైర్యంలో తేడా లేదు. ప్రాణత్యాగంలో తేడా లేదు. నేల చేతులు మారకముందే 'వద్దు' అనే చట్టబద్ధమైన అధికారం గిరిజనుడికి రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ఇచ్చింది. మైదానంలోని మనకు అది లేదు. మనం అరిచేది రిజిస్ట్రేషను అయిపోయాక.

ఈ సందర్భంలోనే ప్రైవేటీకరణ గురించి ఒక మాట. ప్రభుత్వ రంగంలో ఉంటే చాలు అంతా న్యాయంగా జరుగుతుందని నేను అనను. ఆర్ కార్డుల కథ చెప్పిన నోటితో ఆ మాట ఎలా అనగలను? కానీ ప్రభుత్వ సంస్థను సమాచార హక్కు చట్టం కింద ఒక కాంట్రాక్టు కార్మికుడు పది రూపాయల ఫీజు కట్టి ప్రశ్నించవచ్చు. దాని లెక్కలను కాగ్ తనిఖీ చేస్తుంది. దాని గురించి పార్లమెంటులో ఎంపీ ప్రశ్న అడగవచ్చు. నియామకాల్లో రిజర్వేషన్లుంటాయి. అమ్మేసిన రోజున ఈ నాలుగూ ఒకేసారి పోతాయి. ఉక్కు పోతే జీతాల సంగతి ఏమవుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. అడిగే హక్కే పోతుందన్న సంగతి దానికంటే తక్కువ భయపెట్టకూడదు.

5

ఇంతకీ ఏం చేయాలి?

దీనికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. ఉపాధి హామీ పథకం వచ్చిన కొత్తలో, 2006 నుంచీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే పెట్టారు. దేశం మొత్తం మన దగ్గరకొచ్చి నేర్చుకున్న పని అది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు మస్టరు పుస్తకాలు తీసుకుని ఇంటింటికీ తిరిగారు. నువ్వు పన్నెండు రోజులు పనిచేసినట్టు రాసుంది, చేశావా? డబ్బు ఎంత అందింది? తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. ఊరందరి ముందు పేరు పేరునా చదవడం. చచ్చిపోయినవాడి పేరున కూలి తీసిన మేటు అక్కడే నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. డబ్బు వెనక్కి కట్టించినవీ ఉన్నాయి, ఉద్యోగాలు పోయినవీ ఉన్నాయి. ఆ అధికారం తర్వాతి కాలంలో నీరసించిందన్నది నిజమే, అయినా పద్ధతి మనకు తెలుసు.

పల్లెల్లో మస్టరును బహిరంగంగా చదవగలిగినప్పుడు, పట్నంలో కాంట్రాక్టు కార్మికుడి మస్టరును ఎందుకు చదవకూడదు? ఉక్కులో, రేవులో, నగరపాలక సంస్థలో ఎంతమంది కాంట్రాక్టు కార్మికులున్నారు, కాంట్రాక్టరుకు మనిషికెంత చెల్లించారు, కార్మికుడి చేతికెంత వచ్చింది, పీఎఫ్ నిజంగా జమయిందా? ఈ నాలుగు ప్రశ్నలకు గాజువాకలో ఏడాదికొకసారి ప్రజావేదిక పెడితే చాలు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల లెక్క కూడా అక్కడే చదవాలి. ఫార్మా పొగ పీల్చే ఊళ్లకు అందులో ఎంత వచ్చిందో ఆ ఊళ్లవాళ్లే చెబుతారు.

ఇక నగర పాలన. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా ఉన్న ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. మన నగరం జనాభా ఎప్పుడో ఇరవై లక్షల దరికి చేరింది. మీ వార్డు కమిటీలో సభ్యులెవరో తెలిసినవాళ్లు చేతులెత్తండి... అదీ మన పరిస్థితి. 2019 నుంచీ వార్డు సచివాలయాలు వచ్చాయి. పింఛనుకూ ధ్రువపత్రానికీ అవి దగ్గరయ్యాయి, కాదనను. ముసలమ్మ కలెక్టరాఫీసు మెట్లెక్కే బాధ తప్పింది. కానీ అక్కడ కిటికీకి ఇవతల నిలబడి అందుకోవడమే ఉంది. అవతల కూర్చుని ఈ వార్డు రోడ్డుకెంత, కాలువకెంత, ఆ కొండవాలు ఎవరికిచ్చారు అని తేల్చే పని లేదు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరం 1989 నుంచీ బడ్జెట్‌లో కొంత భాగాన్ని పేటల సభల్లోనే నిర్ణయించింది. మురుగు కాలువలు, మంచినీళ్లు ముందుగా మురికివాడలకు వెళ్లాయి, ఎందుకంటే సభకు వచ్చి చేతులెత్తినవాళ్లు మురికివాడలవాళ్లు. జాలరిపేట, కంచరపాలెం, చిలకపేట జనం తమ వార్డు బడ్జెట్ రాసుకోలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డ్వాక్రా సంఘాల లెక్కలు పైసా తేడా లేకుండా రాసిన చేతులు అవి.

తెన్నేటి గారు ఇవాళ ఉంటే ఉక్కు శిబిరంలో కూర్చునేవారని అందరూ అంటారు. కూర్చునేవారే. ఆర్థిక మంత్రిగా బడ్జెట్ రాసిన మనిషి కాబట్టి, నగరపాలక సంస్థ బడ్జెట్ పుస్తకం కూడా తెప్పించుకుని చదివేవారని నా నమ్మకం.

ఆ పుస్తకాన్ని ఆమోదించవలసిన పాలకమండలి గురించి చివరగా ఒక విషయం. 2007లో ఎన్నికైన మహా విశాఖ పాలకమండలి గడువు 2012లో తీరింది. తర్వాతి ఎన్నిక 2021 మార్చి 10న జరిగింది. మధ్యలో తొమ్మిదేళ్ల పాటు ఈ నగరానికి కార్పొరేటర్ లేడు, మేయర్ లేడు. ప్రత్యేకాధికారులే పాలించారు. హుద్‌హుద్ తుపాను ఆ కాలంలోనే వచ్చింది. స్మార్ట్ సిటీ నిధులు ఆ కాలంలోనే ఖర్చయ్యాయి. భూముల మీద సిట్‌లు వేయవలసి వచ్చింది కూడా ఆ కాలంలోనే. ఎన్నిక జరపాలని ఒక్క ఊరేగింపు గాని, ఒక్క దీక్ష గాని జరిగినట్టు నాకు గుర్తు లేదు. ఉక్కు కోసం 32 ప్రాణాలిచ్చిన రాష్ట్రంలో, ఓటు లేకుండా తొమ్మిదేళ్లు గడిచిపోతే మనం మౌనంగా ఉన్నాం. 2021లో ఎన్నికైన 98 వార్డుల పాలకమండలికి అయిదేళ్ల గడువు 2026 మార్చి వరకే. ఈసారి ఆలస్యం లేకుండా ఎన్నిక జరపాలని, ఎన్నికైన రెండు నెలల్లో వార్డు కమిటీలు వేయాలని, వాటిలో నిర్వాసితులకు, కాంట్రాక్టు కార్మికులకు, మత్స్యకార మహిళలకు చోటివ్వాలని కోరుతూ ఒక వినతిపత్రం సిద్ధం చేశాం. తలుపు దగ్గర బల్ల మీద ఉంది. చదవండి, మీ వార్డు నంబరు రాసి సంతకం చేయండి. వచ్చే సోమవారం నగరపాలక సంస్థ ప్రజా ఫిర్యాదుల వేదికకు తీసుకెళ్లేటప్పుడు మాతో రాగలిగినవాళ్లు ఫోన్ నంబరు కూడా రాయండి.